గవర్నరు ఇంట ఖర్జూరాకు బుట్ట

హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) ఇరాన్‌లోని ఇస్ఫహాన్ ప్రాంతంలో ఒక గ్రామపెద్ద ఇంట జన్మించారు. సత్యాన్ని వెదుకుతూ ఇల్లు విడిచారు. దారిలో మోసపోయి, బానిసగా అమ్ముడుపోయి, చివరకు మదీనా చేరారు. అక్కడ దైవప్రవక్త (స) సన్నిధిలో ఇస్లాం స్వీకరించారు. ఆయన్ని విడిచిపెట్టాలంటే 300 ఖర్జూర మొక్కలు నాటి, 40 ఊఖియాల బంగారం చెల్లించాలని యజమాని షరతు పెట్టాడు. సహాబీలు తలా కొన్ని మొక్కలు తెచ్చారు. సల్మాన్ (రజి) గుంతలు తవ్వారు. దైవప్రవక్త (స) స్వహస్తాలతో నాటారు. ఒక బానిసకు విముక్తి లభించింది, ఊరికి తోట మిగిలింది.

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో ఆయన మదాయిన్ గవర్నరు అయ్యారు. ఏటా వచ్చే 5000 దిర్హముల భత్యాన్ని దానం చేసేవారు. ఒక దిర్హముకు ఖర్జూరాకు కొని, బుట్టలు అల్లి, మూడు దిర్హములకు అమ్మేవారు. ఒకటి మళ్లీ ఆకు కొనడానికి, ఒకటి ఇంటి ఖర్చుకు, ఒకటి పేదలకు. ఒకసారి ఎవరో ఆయన్ని కూలివాడనుకుని మూట ఎత్తుకోమంటే, కాదనకుండా మోసుకెళ్లారు.

ఉస్మాన్ (రజి) కాలంలో మరణశయ్యపై ఉండి ఆయన విలపించారు. బాటసారికి సరిపడినంతే ఉంచుకోవాలన్న దైవప్రవక్త (స) ఉపదేశాన్ని మీరానేమోనని ఆయన దిగులు. అప్పుడు ఆయన చుట్టూ ఉన్నది కొద్దిపాటి గిన్నెలే!

ఇప్పుడు మన ఇళ్ల సంగతి చూద్దాం. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో చేరిన మన జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో ఖర్జూరం బదులు తాడిచెట్లున్నాయి. తాటాకు బుట్టలు, విసనకర్రలు మన పెద్దలు వాడినవే. నేడు గుడ్డసంచి పట్టుకుని బజారుకు వెళ్లడం మనకు నామోషీ! ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లను 2022 జూలై 1 నుంచి ప్రభుత్వం నిషేధించింది. అయినా దావత్ ముగిశాక వాటి గుట్టలు కనబడితే ఆ తప్పెవరిది? మురుగుకాలువలో పడిన సంచి వానకు కొట్టుకుపోయి పాలేరుకో, మునేటికో, అక్కడి నుంచి కృష్ణకో చేరుతుంది. ఆ నీరే మనం తాగాలి, పశువులూ తాగాలి.

మేము కోరేది పెద్ద త్యాగం కాదు. బజారుకు ఇంటి నుంచే సంచి తీసుకెళ్లండి. దావత్‌లో స్టీలు గ్లాసులు పెట్టండి. వుజూ చేసేటప్పుడు కొళాయి ధారగా వదలకుండా చెంబుతో చేయండి. మూట మోయడానికి గవర్నరే సిగ్గుపడలేదు. సంచి మోయడానికి మనకెందుకు సిగ్గు?

వృథాకు దూరంగా ఉండే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.