వడ్రంగి వృత్తియు శ్రీ వీరబ్రహ్మేంద్రస్వామివారును

శ్రీ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారిని కాలజ్ఞానకర్తగా నెఱుంగని తెలుగువాడరుదు. కాని యా మహాత్ముడు బాడిస చేతబట్టి కుటుంబమును పోషించుకొన్న వడ్రంగి యను సంగతిని మనవారే తఱచుగ మఱచుచున్నారు. శ్రీరాంపూర్ ప్రాంతపు కులబాంధవులకును, పోషకమహాశయులకును ఆ సంగతినే యిచట విన్నవింపదలచితిమి.

స్వామివారు పదునేడవ శతాబ్దమువారని సంప్రదాయము. పరిపూర్ణయాచార్యులు, ప్రకృతాంబ వారి జననీజనకులు. పాపాగ్ని మఠాధిపతులగు వీరభోజయాచార్యులు, వీరపాపమాంబ వారిని పెంచిరి. మఠాధిపత్యము చేతికందుచున్నను స్వీకరింపక వారు దేశాటనమునకు వెడలి, బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారి గోవులను కాచుచు, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానమును వ్రాసిరి.

పిదప కడపసీమయందలి కందిమల్లయపల్లె చేరి వడ్రంగము నవలంబించిరి. పల్లెవడ్రంగి పని యెట్టిదో మనకు క్రొత్త గాదు. నాగలి, కాడి, బండి, గుమ్మము, మంచము అన్నియు నతని చేతినుండియే రావలెను. ఱంపముతో కోసి, బాడిసతో చెక్కి, చిత్రికతో నునుపుచేసి, ఉలితో గుంట తొలువవలెను. ఆ గుంటలో మఱియొక కొయ్యకొన బిగువుగ నమరెనా, మేకు లేకయే తరతరములు నిలుచును. వెండ్రుకవాసి తప్పినను బిగువు చెడును. ఇది చేతికి మాత్రమే గాక మనస్సునకును శిక్షణ.

ఊరివారు వారిని పేదవడ్రంగిగనే యెంచిరి. పోలేరమ్మ జాతరకు చందా నడుగవచ్చినపుడు, స్వామివారు చుట్ట ముట్టించుకొనుటకు నిప్పు తెమ్మని యా దేవతనే పిలువగా, ఆమె తెచ్చెనని కథ. చందా యియ్యలేని శ్రామికుని తక్కువచేసి చూడరాదని యీ కథ మనకు బోధించుచున్నది.

పెదకొమెర్ల గోవిందమ్మగారిని స్వామివారు పరిణయమాడిరి. దూదేకుల సిద్దయ్యను, మాదిగ కక్కయ్యను శిష్యులుగ గ్రహించిరి. సిద్దయ్య విషయమై కడప నవాబు పిలిపించినను వెనుదీయలేదందురు. 1693వ సంవత్సర వైశాఖ శుద్ధ దశమినాడు జీవసమాధి నొందిరనియు, తమ పాదుకలను, దండమును సిద్దయ్యకే అనుగ్రహించిరనియు సంప్రదాయము. కందిమల్లయపల్లె నేడు బ్రహ్మంగారిమఠమని ప్రసిద్ధము.

పంచవృత్తులలో కొయ్యపని మయబ్రహ్మ సంతతిదని మన పెద్దలు చెప్పుదురు. ఆదిలాబాదు అడవుల టేకు మనకు సమీపముననే యున్నది. నిర్మల్ కళాకారులు పొనికి కొయ్యతో బొమ్మలు చేయుచునే యున్నారు. అయినను ట్రాక్టరు నాగలిని త్రోసిరాజనెను. యంత్రపు పలకల బల్లలు, బీరువాలు అంగళ్లను నింపెను. బొగ్గుగనులలోనో, కచేరీలలోనో మన బిడ్డలు ఉద్యోగములు చేయుట తప్పుగాదు. తాతగారి బాడిసను జూచి సిగ్గుపడుట మాత్రము తప్పు. బాడిసను అటుకపై పడవేసి స్వామివారి పటమునకు దండవేయుట అరకొర భక్తియే యగును.

కావున వృద్ధశిల్పుల యొద్ద ప్రతి బాలుడును ఉలి నూరుట, కొయ్యపొర గుర్తించుట యైన నేర్వవలెనని కోరుచున్నాము. పోషకమహాశయులు తమ గృహమునకొక ద్వారబంధమునైనను చేతిపనివానిచే చేయించి తగిన కూలి నొసంగుదురుగాక. స్వామివారు బ్రతికిన వృత్తి బ్రతికియుండుటకంటె వారికి మనము చేయదగిన పూజ వేఱొండు లేదు.