దారి తప్పిన యువకుఁడు: వేమనయోగి చరిత్రము

ఇంటి పిల్లవాఁడు చెడినప్పుడు పెద్దలు సాధారణముగా రెండే మార్గముల నెఱుఁగుదురు. ఒకటి, వానిని వెడలఁగొట్టుట. రెండవది, వాని దోషములను కప్పిపుచ్చుచు ధనమొసఁగుచుండుట. మూఁడవ మార్గమొకటి కలదని రాయలసీమ జనులు తరతరములుగాఁ జెప్పుకొను వేమన చరిత్రము తెలుపుచున్నది.

వేమన కాపు కుటుంబమున జన్మించెను. ఆయన కాలమునుగూర్చి పండితులు భిన్నాభిప్రాయులు. జీవితకథకు జనశ్రుతియే ప్రధానాధారము. ఆ కథ ప్రకారము, ఆయన సంపన్నుల యింట కడగొట్టు బిడ్డఁడై అన్నవదినల గారాబమునఁ బెరిగెను. చేయవలసిన పని లేదు. కోరినది కాదనువారు లేరు. యౌవనమున నొక వేశ్యయందుఁ దగులుకొని యింటి ధనమును దుర్వ్యయము చేయసాగెను. తుదకు వదినగారి యాభరణములనే తెమ్మని యామె కోరఁగా, సిగ్గువిడిచి వదినగారి నడిగెను.

ఇచ్చట నా సాధ్వి చేసిన పని విచారింపఁదగినది. ఆమె తిట్టలేదు, భర్తతోఁ జెప్పి దండింపఁజేయలేదు, నీతిబోధయుఁ జేయలేదు. నగలిచ్చి, యొక్క నియమము మాత్రము విధించెను. ఆ సొమ్ములు దాల్చిన దేహమును దీపపు వెలుఁగున వివేకముతో నాపాదమస్తకము పరిశీలించి రమ్మనెను. వేమన యట్లే చేసెను. ఇన్నినాళ్లు తాను దేనికై యిల్లు గుల్ల చేసెనో యా రాత్రి తన కన్నులతోఁ జూచి, విరక్తుఁడై యిల్లు చేరెను. ఎన్ని యుపదేశములు చేయలేని పని యాతని చూపే చేసెను. ఆతనియందు విశ్వాసముంచి, యాతఁడు చూచునట్లు చేయుటయే వదినగారి విద్య.

కథ చెప్పువారు తఱచుగా నా వేశ్యను నిందించి యూరకుందురు. అది న్యాయము గాదు. ఆమెయు నొకప్పుడు బాలికయే; ఆమెకుఁ జేయూత నిచ్చు వదిన లేకపోయెను. బాలికలను దేవాలయములకు సమర్పించు దురాచారమును చెన్నరాష్ట్ర శాసనము 1947లో నిషేధించువఱకు నెందఱి బ్రతుకు లిట్లు చెడెనో!

వేమన యొక్క రాత్రిలో మహాత్ముఁడు కాలేదు. అభిరాముఁడను స్వర్ణకారుఁడు చిరకాల మొక యోగిని సేవించుచుండఁగా, వేమన వంచనచే నాతనికి రావలసిన యుపదేశమును తాను పొందెనని చెప్పుదురు. పిదపఁ బశ్చాత్తాపమున నాతని పాదములపైఁ బడి తప్పొప్పుకొని, యాతని పేరును తన పద్యముల మకుటమున నిలిపెనఁట. దాఁచిన తప్పు మనుష్యుని క్రుంగఁదీయును. ఒప్పుకొన్న తప్పు శీలమునకుఁ బునాది యగును.

అటుపిమ్మట నాయన యూరూరు తిరుగుచు, కాపువానికిని బాలునికిని సైతము తెలియు మాటలతో, ఆటవెలఁదులలో కులగర్వమును, మనశ్శుద్ధిలేని పూజలను ఖండించెను. ఆయన సమాధి కదిరి ప్రాంతమునందలి కటారుపల్లెలో నున్నది. ఆ ప్రాంతము 1910 వఱకు కడప మండలములోనిది. నేఁడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన బ్రౌనుదొర, పండితులు లెక్కచేయని యా పద్యముల వ్రాతప్రతులను సేకరించి, ఆంగ్లానువాదముతో 1829లో నచ్చువేయించెను. ఆయన కడపలో పేదబాలురకుఁ బాఠశాలలను గూడ నెలకొల్పెను. 1928లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వేమననుగూర్చి గొప్ప యుపన్యాసము లిచ్చిరి. ఒకనాఁడు తన యింటివారికే తలవంపులు తెచ్చిన యువకుని మాటలతో నేఁడు తెలుఁగు బిడ్డలు నీతి నేర్చుకొనుచున్నారు.

కందనవోలు, కడప మండలములు వాన తక్కువైన మెట్టసీమలు. 1876–78 సంవత్సరముల కఱవున నెన్నియో కుటుంబములు చెదరిపోయెను. పంటపోయిన యేఁట పనిలేని యువకుఁడు త్రాగుడునకు, జూదమునకు, పగలకు సులభముగా లోఁబడును. నేరముచేసిన బాలురను పెద్ద నేరస్థులనుండి వేఱుపఱచి ప్రత్యేక పాఠశాలలకుఁ బంపుటకు 1920నాఁటి చెన్నరాష్ట్ర బాలల చట్ట మవకాశ మిచ్చెను. అది మేలే. కాని బాలుఁడు న్యాయస్థానపు మెట్లెక్కకమునుపే యాతనిని కనిపెట్టి చూచువా రింట నొకరుండవలెను. చట్ట మట్టివారిని కల్పింపఁజాలదు.

చదువరులారా! మీ యింటఁ గాని, మీ వీథిఁ గాని యట్టి యువకుఁడున్నయెడల తలుపు మూయకుఁడు. ఆతని దోషమును కప్పిపుచ్చకుఁడు. తన బ్రతుకును తానే చూచుకొనుటకు దీపము పట్టుఁడు. ఆతఁడు మరలివచ్చిననాఁడు గడపయొద్ద నిలిచి లోనికిఁ బిలువుఁడు.