మూసీనదికి వంతెన గట్టిన ప్రభువు

హైదరాబాదు నగరమున మూసీనదిపై ఒక ప్రాచీనమైన రాతివంతెన కలదు. కూచియైన కమానులు ఇరువదికి పైగా వరుసగా నిలిచి దానిని మోయుచున్నవి. దాని పొడవు సుమారు 600 అడుగులు. వెడల్పు 35 అడుగులు. ప్రజలు దానిని పురానాపూల్ అని పిలుచుచున్నారు. పాతవంతెన యని దాని యర్థము. అది నగరముకంటెను పాతది. హైదరాబాదు నగరము 1591వ సంవత్సరమున వెలసినది. వంతెన 1578వ సంవత్సరముననే పూర్తియైనది. దానిని గట్టించినవాడు గోలకొండ ప్రభువైన ఇబ్రహీం కులీ కుతుబ్ షా. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని ప్రేమతో పిలిచిరి.

ఇబ్రహీము తండ్రి సుల్తాను కులీ. ఆయన పారశీక దేశమునుండి వచ్చి బహమనీ సుల్తానుల కొలువులో చేరి, స్వశక్తిచే పైకి వచ్చి, గోలకొండలో కుతుబ్ షాహీ వంశమును స్థాపించెను. ఆయన కుమారులలో ఇబ్రహీము కడపటివాడు. యౌవనమున ఇబ్రహీము దేవరకొండ దుర్గమునకు అధికారిగా నుండెను. 1543వ సంవత్సరమున ఆ కుటుంబమున ఘోరమైన సంఘటన జరిగెను. రాజ్యకాంక్షతో కన్నుగానని జంషీదు అను కుమారుడు వృద్ధుడైన తండ్రిని చంపించి సింహాసనమెక్కెను. తమ్ముడు బ్రతికియున్నచో తనకు ముప్పు తప్పదని అతడు తలచెను. ఇబ్రహీము ప్రాణములు దక్కించుకొని మొదట బీదరునకును, అచ్చటినుండి విజయనగరమునకును పారిపోయెను.

విజయనగరమును ఆనాడు అళియ రామరాయలు పాలించుచుండెను. శరణుజొచ్చిన రాకుమారుని ఆయన ఆదరించి, గౌరవముతో ఏడేండ్లు తన నగరమున నుంచుకొనెను. ఆ ఏడేండ్లు ఇబ్రహీమునకు గొప్ప పాఠశాలవలె ఉపకరించినవి. బండరాళ్ళ నడుమ చెక్కిన దేవాలయములు, విశాలమైన అంగడివీధులు, తుంగభద్రనుండి నగరములోనికి నీటిని దెచ్చు కాలువలు, ఇవన్నియు ఆయన కన్నులారా చూచెను. తెలుగుభాషయందలి మాధుర్యమును చవిచూచెను. రాజ్యమనగా దండు మాత్రమే కాదనియు, చెరువు, బాట, కావ్యము కూడ రాజ్యమునకు అంగములేననియు ఆయన తరువాత చేసిన పనులు తెలుపుచున్నవి.

1550వ సంవత్సరమున జంషీదు మరణించెను. అతని కుమారుడు పసివాడు. రాజ్యము అల్లకల్లోలముగా నుండుటచే సర్దారులును, కోటలను గాచు తెలుగు నాయకులును ఇబ్రహీమునకు కబురంపిరి. ఆయన తిరిగివచ్చి పట్టము గట్టుకొని ముప్పది సంవత్సరములు పాలించెను. గోలకొండ ప్రాకారములను రాతితోను సున్నముతోను దృఢపరచెను. దారిదోపిడి గాండ్రను అణచివేసెను. తత్ఫలితముగా అరబ్బు, పారశీక, తురుష్క దేశముల వర్తకులు నిర్భయముగా తెలంగాణమునకు వచ్చి పోవుచుండిరని నాటి చరిత్రకారులు వర్ణించిరి.

ఆయన సభలో తెలుగు కవులకు సమున్నతమైన స్థానము లభించెను. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితము చేసెను. కందుకూరి రుద్రకవి ఆయన సన్మానమును పొందెను. ప్రభువు చూపిన దారిలోనే ఆయన యధికారులును నడచిరి. పటాన్‌చెరువులో నుండిన అమీనుఖాను పొన్నగంటి తెలగనార్యునిచే అచ్చతెలుగున యయాతిచరిత్రమును వ్రాయించి కృతిభర్త యయ్యెను.

ప్రజలకు నీరు గూర్చుట ఆయన చేసిన మరియొక మహత్కార్యము. 1562వ సంవత్సర ప్రాంతమున మూసీలో గలియు ఒక వాగునకు అడ్డముగా గొప్ప కట్ట వేయించి చెరువు నిర్మింపజేసెను. ఆ పనిని నడపినవాడు ఆయన అల్లుడైన హుస్సేన్ షా వలీ. చెరువునకు ప్రభువు పేరు పెట్టదలచినను ప్రజలు దానిని హుస్సేన్ సాగరమనియే పిలిచిరనియు, అందుచే ప్రభువు తన పేర ఇబ్రహీంపట్టణమున మరియొక చెరువు గట్టించెననియు ఒక ఐతిహ్యము కలదు.

ఇట్టి ప్రభువు జీవితమున మాయని మచ్చ యొకటి కలదు. రామరాయల బలము పెరుగుటయు, ఆయన పొరుగు సుల్తానులను ఒకరిపై నొకరిని పురికొల్పుటయు వారికి కంటకమయ్యెను. బిజాపురము, అహమ్మదునగరము, బీదరు, గోలకొండ ప్రభువులు ఏకమైరి. 1565వ సంవత్సరము జనవరిలో జరిగిన యుద్ధమున రామరాయలు హతుడయ్యెను. తనకు అన్నము పెట్టి ఆశ్రయమిచ్చిన వానిపై ఇబ్రహీము కత్తి గట్టెను. విజయసేనలు విజయనగరమున ప్రవేశించి నెలల తరబడి దోచినవి, కాల్చినవి, పడగొట్టినవి. ఇబ్రహీము యౌవనమున తిరుగాడిన వీధులు పాడుపడిపోయెను. రెండు శతాబ్దులపాటు వేలకొలది శిల్పులు నిర్మించిన దానిని పాడుచేయుటకు కొన్ని నెలలు చాలినవి. ఆ శిథిలములనే నేడు మనము హంపి యందు చూచుచున్నాము.

యుద్ధము ముగిసిన పిమ్మట గోలకొండకు జనము మరింతగా వచ్చి చేరిరి. కోటలోపల ఇండ్లు క్రిక్కిరిసెను, నీరు చాలకుండెను. మూసీకి దక్షిణపుటొడ్డున విశాలమైన మైదానము కలదు. కాని వానకాలమున నది పొంగిన దినములలో ఆవలికి పోవుట దుస్సాధ్యము. బండ్లు ఒడ్డున నిలిచిపోవలసినదే. బందరు రేవునకు సరకుల రాకపోకలు ఎక్కువైన కాలమది. అందుచే ఇబ్రహీము నదిపై శాశ్వతమైన వంతెన నిర్మింపజేసెను. గోలకొండనుండి కార్వాను మీదుగా వచ్చు బాట ఆ వంతెననెక్కి దక్షిణపుటొడ్డున దిగెను. రాకుమారుడు మహమ్మదు కులీ భాగమతికొరకు పొంగిన నదిని దాటగా, పుత్రప్రేమచే తండ్రి ఈ వంతెన గట్టించెనని ప్రజలు చెప్పుకొను కథ యొకటి కలదు. ఆ సంవత్సరమున రాకుమారుని వయస్సు పదుమూడేండ్ల ప్రాంతము. కథ రమ్యమైనదే, కాని వంతెనకు కారణము జనుల యక్కరయే.

విచిత్రమేమనగా అదే 1578వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున పారిసు నగరములో సేన్ నదిపై ఒక రాతివంతెనకు పునాది వేయబడెను. దానికి క్రొత్తవంతెన యని పేరిడిరి. నేడు పారిసులోని వంతెనలన్నిటిలో అదియే పాతది; దానిని అచ్చటివారు పదిలముగా కాపాడుకొనుచున్నారు. పదునేడవ శతాబ్దమున గోలకొండకు వచ్చిన టావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు మూసీవంతెనను చూచి, అందమున అది తమ పారిసు వంతెనకు ఇంచుమించు సాటివచ్చునని వ్రాసెను.

ఇబ్రహీము 1580వ సంవత్సరమున మరణించెను. గోలకొండ సమీపమున కుతుబ్ షాహీ సమాధులలో ఆయన సమాధియు కలదు. ఆయన కుమారుడు మహమ్మదు కులీ పదునొకండేండ్ల తరువాత మూసీ దక్షిణపుటొడ్డున చార్మినారును కేంద్రముగా జేసికొని హైదరాబాదు నగరమును నిర్మించెను. తండ్రి వేసిన వంతెన లేనిచో కుమారుని నగరము అచ్చట అంత సులభముగా వెలసియుండెడిది కాదు.

ప్రభువులు పోయిరి, వంశములు మారెను, వంతెన నిలిచెను. 1820వ సంవత్సరమున వరదచే అది దెబ్బతినగా సికందర్ జా ప్రభువు మరమ్మతు చేయించెను. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీ మహోగ్రముగా పొంగి వేలాది ప్రజలను పొట్టనబెట్టుకొనెను. తరువాతి కాలమున గట్టిన అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు ఆ ప్రవాహమునకు ఆగలేకపోయినవి. మూడువందల ముప్పదియేండ్ల నాటి ఇబ్రహీము వంతెన గాయపడియు నిలిచి, నది కిరువైపుల జనమునకు ఏకైకమైన దారియై ఉపకరించెను.

వరదను ఓర్చిన కట్టడములకు సైతము మరియొక పరీక్ష కలదు. అది పెరుగుచున్న నగరముయొక్క తొందర. నగరము చుట్టును పదునెనిమిదవ శతాబ్దమున ప్రాకారము కట్టబడెను. దానికి పదికి మించిన ద్వారములుండెను. బండ్లు పోయి మోటారులు రాగా, వీధులు వెడల్పుచేయవలసివచ్చెను. ప్రాకారమును ద్వారములును ఒకటొకటిగా తొలగింపబడినవి. నేడు మిగిలినవి దబీర్‌పురా ద్వారమును, పురానాపూల్ ద్వారమును మాత్రమే. వీధులు వెడల్పు చేసినవారిని నిందించుట తగదు. రోగిని వైద్యశాలకు గొనిపోవు బండి దారిలో నిలిచిపోరాదు; పంటను అంగడికి చేర్చు రైతు గంటలకొలది వేచియుండరాదు. కాని పోయిన ద్వారములు మరల రావనుటయు అంతే నిజము.

పాతవంతెన విషయమున వేరొక మార్గము అవలంబింపబడెను. నేటి వాహనముల బరువును రద్దీని అది మోయజాలదు. దానిని కూల్చి అదే చోట వెడల్పయిన వంతెన కట్టుట యొక మార్గము. దానిని విడిచి ప్రక్కనే క్రొత్తవంతెన కట్టుట రెండవది. రెండవ మార్గమే అనుసరింపబడినది. నేడు బస్సులు, లారీలు క్రొత్తవంతెనపై పోవుచున్నవి. పాతవంతెనపై కూరగాయలు అమ్ముకొనువారు బుట్టలు పరచి బ్రతుకుచున్నారు. వృద్ధునకు విశ్రాంతి లభించినది. యువకుడు బరువు నెత్తుకొనెను. అయినను కమానుల సందులలో మొలచు మొక్కలను పెరికివేయుట, క్రింద పేరుకొను చెత్తను తొలగించుట మానరాదు. పనినుండి తప్పించుట మాత్రముననే రక్షణ కాదు.

ఇబ్రహీము ఆశ్రయము పొందిన హంపియందును ఇట్టి సమస్యయే తలయెత్తెను. 1986వ సంవత్సరమున హంపి ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది. అచ్చట తుంగభద్రను దాటుటకు ప్రజలు పుట్టిపై ఆధారపడుచుండిరి. వారికి వంతెన అవసరమే. కాని ఆనెగొంది వద్ద కట్టనారంభించిన వంతెన ప్రాచీన కట్టడముల మధ్యకు భారీవాహనములను తెచ్చునని భయము కలిగెను. 1999వ సంవత్సరమున హంపి ప్రమాదములోనున్న వారసత్వ స్థలముల పట్టికలో చేర్పబడెను. పని చాలకాలము నిలిచిపోయెను. 2006వ సంవత్సరమున హంపి ఆ పట్టికనుండి తొలగింపబడెను. కాని మరల పని సాగించుచుండగా 2009వ సంవత్సరము జనవరిలో ఆ వంతెన కూలి పనివారు ప్రాణములు కోల్పోయిరి. స్థలనిర్ణయము మొదటనే అందరితో ఆలోచించి చేయవలెననుటకు ఇంతకంటె దుఃఖకరమైన నిదర్శనము వలదు.

ఇట్టి ఆలోచన అవసరమగు చోట్లు మనకు సమీపముననే కలవు. ఇబ్రహీము వేయించిన హుస్సేన్ సాగరపు కట్ట దాటి ఉత్తరముగా పోయినచో సికింద్రాబాదు వచ్చును. అచ్చటినుండి ఒక రహదారి మేడ్చల్ మీదుగా నాగపురమునకును, మరియొకటి శామీర్‌పేట మీదుగా కరీంనగరమునకును పోవుచున్నవి. శామీర్‌పేట దెసకు స్తంభములపై ఎత్తైన రహదారి నిర్మించుటకు 2024వ సంవత్సరమున శంకుస్థాపన జరిగెను. ఈ ప్రాంతము క్రొత్తది కాదు. మౌలాలి గుట్ట సమీపమున వేలయేండ్ల నాటి రాకాసిగుళ్ళు త్రవ్వకములలో బయల్పడినవి. కీసరగుట్టపై విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడములు కనుగొనబడినవి. రహదారులు రావలెను, రాక తప్పదు. అయితే కొలబద్ద పట్టువాడు గీత గీయుటకు ముందే, ఆ గీత క్రింద ఏమున్నదో చూడవలెను. గీత వేసిన పిమ్మట చూచినచో, మిగులునది పశ్చాత్తాపము మాత్రమే.

ఇబ్రహీం కుతుబ్ షా జీవితమున రెండు దృశ్యములు ఎదురెదురుగా నిలిచియున్నవి. ఒకటి ఆయన సేనలు పాల్గొని పాడుచేసిన మహానగరము. రెండవది ఆయన కట్టించిన వంతెన. మొదటి దానిని తిరిగి నిలుపుట ఆయన తరమును కాలేదు, తరువాతివారి తరమును కాలేదు. రెండవది నాలుగువందల నలుబది సంవత్సరములు దాటినను నిలిచియున్నది. ఆయన కాలమున మూసీపై బాట లేనందున జనులు కష్టపడిరి. ఆయన బాట వేసెను. మన కాలమున ఆ బాట చాలలేదు. దాని ప్రక్కనే మరియొకటి వేసికొంటిమి. పూర్వులు వేసిన దానిని చెరపకయే మన దారిని మనము వేసికొనవచ్చునని ఆ రెండు వంతెనలు ప్రతిదినము చూపుచున్నవి.