మధురలో తెలుగు నేర్చుకున్న రోమాపురి సన్యాసి

క్రిందటి నెల మా సంఘం గదిలో పాత పుస్తకాల బీరువా సర్దుతున్నాం. ఒక మిత్రుడు రాబర్టో దె నోబిలి పేరు చూసి, బందరులో నోబుల్ కాలేజీ పెట్టిన దొర ఈయనేనా అని అడిగారు. కాదు. ఆ నోబుల్ ఇంగ్లీషువాడు, ప్రొటెస్టెంటు, 1843లో మచిలీపట్నంలో బడి తెరిచాడు. ఈ నోబిలి అంతకు రెండు వందల ఏళ్ల ముందువాడు. ఇటలీవాడు, కతోలిక గురువు. మన మధురలోనే యౌవనం, నడివయసు గడిపి, మన తాతముత్తాతల భాషను ఇక్కడే ఒక తెలుగు బ్రాహ్మణుడి దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడు. తమిళ సాహిత్య చరిత్రల్లో ఆయనకు తత్త్వబోధకస్వామి అని పేరుంది. మన తెలుగువారిలో ఆయన సంగతి తెలిసినవారు తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

నేను క్రైస్తవుణ్ణి కాను. ఒక గుమాస్తాగా ముప్పై ఏళ్లు దస్త్రాల మధ్య బతికినవాణ్ణి. ఆయన కథలో నన్ను పట్టుకున్నది మతం మార్పిడి సంగతి కాదు. ఒక సత్యాన్ని బుద్ధి ఒప్పుకున్నా మనసు ఒప్పుకోవడానికి ఎంత గింజుకుంటుందో, అది ఆ కాలంలో మధుర వీధుల్లో ఎంతమంది విషయంలో జరిగిందో చూసి ఆశ్చర్యపోయాను.

నోబిలి 1577లో రోములో పుట్టాడు. తండ్రి పోపు సైన్యంలో పెద్ద అధికారి. వంశం మోంటెపుల్చియానో ఊరిది. ఆనాటి కతోలిక లోకంలో మహా పండితుడైన కార్డినల్ బెల్లార్మినోకు బంధువు. ఇంట్లోవాళ్లకు ఇష్టం లేకపోయినా ఇల్లు వదిలి నేపుల్స్ వెళ్లి, 1596లో యేసుసభలో చేరాడు. 1604లో లిస్బన్‌లో ఓడ ఎక్కి, దారిలో మొజాంబిక్ దగ్గర ఓడ దెబ్బతినగా ఆగిపోయి, 1605 మే నెలలో గోవా చేరాడు. తరువాత కొచ్చి, ఆ తరువాత ముత్యాలు తీసే పరవరుల తీరం. అక్కడ తమిళం నేర్చుకున్నాడు. 1606 నవంబరులో మధురకు వచ్చాడు. అప్పటికి వయసు ఇరవై తొమ్మిది.

ఆ మధుర ఎవరిదో మనకు చెప్పనక్కర లేదు. విశ్వనాథ నాయకుడి వంశం ఏలుతున్న రోజులు. ముత్తుకృష్ణప్ప నాయకుడు గద్దె మీద ఉన్నాడు. ఊరిలో జనం భాష తమిళం, కొలువులో భాష తెలుగు, పండితుల చర్చ సంస్కృతం. డెబ్బై రెండు పాళెగాళ్లలో చాలామంది ఇళ్లల్లో తెలుగే. ఇవాళ మధురలోనో కోయంబత్తూరు చుట్టుపక్కల పల్లెల్లోనో తమిళంలో చదువుకుని ఇంట్లో తెలుగు మాట్లాడే మన కుటుంబాలు చాలావరకు ఆ వలసల కొనసాగింపే. కొలువులో వాళ్ల మనసుకు తగలాలంటే తమిళం ఒక్కటే చాలదని ఆ ఇటలీ యువకుడు త్వరగానే గ్రహించాడు.

ఆయన వచ్చేసరికే మధురలో ఇంకొక యేసుసభ గురువు ఉన్నాడు, గొన్సాలో ఫెర్నాండెజ్. పోర్చుగీసువాడు, ముందు సిపాయిగా పనిచేసినవాడు, వయసులో పెద్ద. బడి నడిపాడు, జబ్బు చేసినవాళ్లకు మందు ఇచ్చే చోటు నడిపాడు. వర్తకం కోసం తీరం నుంచి వచ్చిన పరవరులకు పూజ చేసేవాడు. మంచి మనిషి. కానీ పది పన్నెండేళ్లలో మధురవాసుల్లో ఆయన మాట విన్నవాళ్లు లేరు. కారణం నోబిలికి కొద్ది రోజుల్లోనే కనిపించింది. ఇక్కడివాళ్లు పోర్చుగీసువాళ్లను పరంగులు అనేవారు. పశుమాంసం తిని, సారాయి తాగి, శుచి లేకుండా ఉండే కులం అని వాళ్ల లెక్క. క్రైస్తవంలో చేరేవాణ్ణి పరంగి కులంలో చేరతావా అన్న అర్థం వచ్చే మాటలతోనే అడిగేవారు. ఆ మాట ఎదుటివాడికి ఎలా వినిపిస్తుందో ఫెర్నాండెజ్‌కు తెలియలేదు. తన దేశం, తన దేవుడు, తన కులం అన్నీ ఒకటే ముడిగా ఆయనకు కనిపించాయి. ఆ ముడి విప్పాలని నోబిలి పట్టుదల.

తన పైవాళ్ల అనుమతి తీసుకుని నోబిలి 1607లో ఫెర్నాండెజ్ ఇల్లు వదిలి, బ్రాహ్మణులుండే వీధి పక్కన మట్టి ఇల్లు వేసుకున్నాడు. కావి బట్ట, పాదకోళ్లు, చేతిలో దండం, కమండలం. మాంసం, చేప, గుడ్డు, సారాయి అన్నీ మానేశాడు. బ్రాహ్మణుడు వండిన అన్నం, కూరలు, రోజుకు ఒక్కపూట. సిలువతో కూడిన జంధ్యం వేసుకున్నాడు. తాను పరంగిని కాననీ, రోమాపురిలో క్షత్రియులతో సమానమైన వంశంలో పుట్టి సన్యసించినవాణ్ణనీ 1611లో ఇంటి వాకిట తాటాకు మీద రాయించి పెట్టాడు.

ఇది వేషం కదా, మోసం కదా అని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. నా మటుకు నాకు అది సగం నిజం అనిపిస్తుంది. ఆయన పోర్చుగీసువాడు కాదు, వంశం పెద్దదే, సన్యాసి జీవితమూ నటన కాదు. పస్తులు నటించడం ఎవరి తరమూ కాదు. కాని తన మతమూ పరంగుల మతమూ ఒకటేనన్న సంగతి వాకిట రాయించిన తాటాకులో లేదు. ఫెర్నాండెజ్‌ను కలవాలంటే చీకటి పడ్డాక వెళ్లేవాడు. దాచవలసినది ఏదో ఉన్నట్టే కదా.

ఇక మనసులు గింజుకున్న సంగతికి వస్తాను.

మొదట ఆయన మాటకు తలవంచినవాడు ఫెర్నాండెజ్ బడిలో పాఠం చెప్పే పంతులు. దాదాపు ఇరవై రోజులు, రోజుకు నాలుగైదు గంటల చొప్పున ఇద్దరూ వాదించుకున్నారు. సృష్టి ఎట్లా వచ్చింది, పునర్జన్మ ఉందా లేదా, ఇవీ ప్రశ్నలు. పంతులు వాదనలో ఓడినరోజే ఒప్పుకోలేదు. మరునాడు మళ్లీ కొత్త ప్రశ్నతో వచ్చేవాడు. బుద్ధికి జవాబు దొరికాక కూడా తల్లిదండ్రులు, బంధువులు, నలుగురిలో పరువు అన్నీ మనసు ముందు నిలబడి ఉంటాయి. అందుకే ఇరవై రోజులు.

రెండోవాడు శివధర్ముడు. నోబిలికి సంస్కృతం, తెలుగు నేర్పిన తెలుగు బ్రాహ్మణుడు ఈయనే. వేదం బయటివాడి చెవిన వేయకూడదన్న కట్టు ఉన్న రోజుల్లో, ఎంతో భయపడుతూనే కృష్ణయజుర్వేద భాగాలు ఆయనకు చూపించాడు. మూలంలో వేదం చూసిన మొదటి ఐరోపావాడు నోబిలి అని చరిత్రకారులు అంటారు. గురువూ శిష్యుడూ రోజూ వాదించుకున్నారు. చివరకు 1609లో గురువే శిష్యుడి చేతి మీదుగా జ్ఞానస్నానం తీసుకుని బోనిఫాసియో అయ్యాడు.

కథ ఇక్కడితో ఆగి ఉంటే గుడి గోడ మీద బొమ్మలా అందంగా ఉండేది. ఆగలేదు. కొన్నేళ్లకు శివధర్ముడు నోబిలిని విడిచి ఫెర్నాండెజ్ వైపు చేరాడు. జంధ్యం, పిలక, బొట్టు, ఇవి లోకాచారాలు మాత్రమే, మతానికి సంబంధం లేదు అని నోబిలి వాదన. కాదు, వీటన్నిటిలో పూజ కలిసే ఉంది అని ఫెర్నాండెజ్ వాదన. 1616లో ఫెర్నాండెజ్ బ్రాహ్మణుల ఆచారాల మీద పెద్ద గ్రంథం రాసినప్పుడు, దానికి కావలసిన సమాచారం ఇచ్చినవాడు శివధర్ముడు. ఒక తెలుగు పండితుడు ఇద్దరు పరదేశులకూ చదువు చెప్పి, ఇద్దరి వాదాలకూ ఆయుధం అందించాడు. దీన్ని ద్రోహం అనేవాళ్లు ఉన్నారు. నాకలా అనిపించదు. కొత్త విశ్వాసంలోకి వచ్చాక కూడా ఆయన లోపల ఆ ప్రశ్న తెగలేదనుకుంటాను. తాను తీయలేక తీసిన జంధ్యాన్ని శిష్యుడు సులువుగా వేసుకు తిరిగితే గురువుకు కష్టం కలగదా!

1610లో ఫెర్నాండెజ్ తన సాటి గురువు మీద ఫిర్యాదు రాసి పంపాడు. గుమాస్తాగా ఈ భాగం నాకు చాలా పరిచయమైన కథ. మధుర నుంచి గోవాకు, గోవా నుంచి లిస్బన్‌కు, అక్కడి నుంచి రోముకు కాగితం పోవాలి. పోవడానికి ఏడాది, జవాబు రావడానికి మరో ఏడాది. ఈలోపు పై అధికారి మారతాడు. నోబిలిని పంపిన లేర్త్సియో పదవి దిగిపోగానే వచ్చిన కొత్త అధికారి ఆంక్షలు పెట్టాడు. కొత్తవాళ్లకు జ్ఞానస్నానం ఇవ్వడం ఆగిపోయింది. పనివాడు సీటులోనే ఉన్నాడు, పని మాత్రం లేదు. నోబిలి మధుర వదలలేదు. ఇంట్లో కూర్చుని తమిళంలో, సంస్కృతంలో రాస్తూ, లాటిన్‌లో తన జవాబులు పంపుతూ ఉండిపోయాడు.

తన బంధువు కాషాయం కట్టి తిరుగుతున్నాడన్న వార్తలు విని కార్డినల్ బెల్లార్మినో మొదట ఎంతో బాధపడి ఉత్తరం రాశాడు. నోబిలి పూర్తి వివరణ వెళ్లాక, అంత పెద్దాయన తన అభిప్రాయం మార్చుకుని ఆయన పక్షం నిలిచాడు. చిన్న సంగతే, కాని నేను ఇక్కడ కాసేపు ఆగాను. ఉద్యోగంలో ఒకసారి నా లెక్కలో తప్పుందని నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు చూపించాడు. తప్పు నాదేనని ఆ నిమిషమే తెలిసింది. అతనితో ఆ మాట అనడానికి నాలుగు రోజులు పట్టింది.

1619లో గోవాలో పెద్ద సభ జరిగింది. ఆర్చిబిషప్పు నోబిలికి ఎదురు. క్రాంగనూరు ఆర్చిబిషప్పు రోస్, గోవా విచారణాధికారుల్లో ఒకడైన అల్మైడా ఆయనకు అనుకూలం. మళ్లీ కాగితాలు రోముకు. చివరకు 1623 జనవరి 31న పోపు గ్రెగొరీ 15 తీర్పు ఇచ్చాడు. జంధ్యం, పిలక, గంధం, స్నానం, వీటిని కొన్ని షరతులతో ఉంచుకోవచ్చు. ఫిర్యాదుకూ తీర్పుకూ మధ్య పదమూడేళ్లు.

ఆ తీర్పులోనే ఇంకొక మాట కూడా ఉంది. పై కులాల క్రైస్తవులు కింది కులాల క్రైస్తవులను చిన్నచూపు చూడకూడదని పోపు గట్టిగా కోరాడు. నోబిలి జీవితంలో నాకు మింగుడుపడని చోటు ఇదే. పెద్ద కులాలవాళ్లను ఆకర్షించడానికి ఆయన వేరే గుడి పెట్టాడు, వేరే పంక్తి పెట్టాడు. ఫెర్నాండెజ్ గుడిలో పరవరులు, ఈయన గుడిలో నాయకులూ బ్రాహ్మణులూ. కులం లోకాచారమే, మతానికి అడ్డు కాదు అన్నాడు. అడ్డు అయిందనే మనకు తెలుసు. గుడుల్లో గోడలు, శ్మశానాల్లో గోడలు ఈ జిల్లాల్లో నిన్నమొన్నటి దాకా ఉన్నాయి. ఇతరుల మనసు ఎక్కడ అడ్డుపడుతుందో అంత చక్కగా చూడగలిగినవాడికి తన పుట్టుక గొప్పదన్న నమ్మకం ఎక్కడ అడ్డుపడుతోందో పూర్తిగా కనిపించలేదు. వయసు పెరిగాక కొంత కనిపించిందనుకోవాలి. 1640లో బల్తజార్ ద కోస్తా అనే గురువు పండారం వేషంలో అన్ని కులాలవాళ్ల దగ్గరకూ వెళ్లే పద్ధతి మొదలుపెట్టాడు. ఈ మిషన్‌లో జనం వేలల్లో చేరింది ఆ పండారస్వాముల దగ్గరే. ఎక్కువమంది పేదలు.

తీర్పు వచ్చిన 1623లోనే తిరుమల నాయకుడు గద్దె ఎక్కాడు. నోబిలి తిరుచ్చి, సేందమంగళం, సేలం వైపు నడిచి వెళ్లాడు. కొంగునాడు అంచుల దాకా ఆయన అడుగులు పడ్డాయి. 1640లో మధురలో ఆయన్నీ తోటి గురువునూ చెరసాలలో పెట్టారు, పూజాగృహాన్ని దోచుకున్నారు. అప్పటికి వయసు అరవై దాటింది, చూపు తగ్గిపోతోంది. విడుదలయ్యాక ఎక్కువ కాలం ఇక్కడ ఉండనివ్వలేదు. సభ పెద్దలు ముందు యాళ్పాణానికి, తరువాత మైలాపూరుకు పంపారు.

భాషకు ఆయన చేసిన మేలు మతంతో పని లేకుండా చెప్పుకోవాలి. జ్ఞానోపదేశం, ఆత్మనిర్ణయం వంటి తమిళ వచన గ్రంథాలు ఆయనవి. అంతకు ముందు పోర్చుగీసు మాటలను అలాగే తమిళంలో దింపేవారు, వినేవాడికి ఏమీ అర్థమయ్యేది కాదు. సర్వేశ్వరుడు, వేదం, గురువు, ప్రసాదం వంటి ఇక్కడి మాటలు తీసుకుని వాటిలోనే తన సంగతి చెప్పాడు. తరువాత సుమారు 1700 నుంచి కర్ణాటక మిషన్ గురువులు తెలుగు సీమలో, పుంగనూరు వైపు, ఇదే కావి బట్టతో, ఇదే భోజనంతో తిరిగారు. 1744లో రోము ఈ ఆచారాల్లో చాలావాటిని మళ్లీ నిషేధించి, గురువులందరి చేత ప్రమాణం చేయించింది. ఆ ప్రమాణం ఎత్తివేసింది 1940లో. ఫైలు మూడు వందల ఏళ్లు తిరిగినట్టు.

మైలాపూరులో నోబిలి ఊరి బయట మట్టి గుడిసెలో ఉన్నాడు. కళ్లు పూర్తిగా పోయాయి. అక్కడా అదే ఒంటిపూట భోజనం, ఆకుకూరలు. మధుర నుంచి వెంట వచ్చిన కొద్దిమంది బ్రాహ్మణ క్రైస్తవులు దగ్గర ఉండి చూసుకునేవారు. రాసిన పుస్తకాలను వాళ్ల చేత చదివించుకుని, తప్పులున్న చోట ఆపి, మళ్లీ చెప్పి దిద్దించేవాడు. 1656 జనవరి 16న ఆ గుడిసెలోనే కన్నుమూశాడు. మధురలో తిరుమల నాయకుడు అప్పటికింకా ఏలుతూనే ఉన్నాడు.