అనగనగా మన తెనాలిలో...



రాత్రి పడుకునే ముందు మీ బాబో పాపో రాక్షసుడి కథ చెప్పమంటే మీరేం చేస్తున్నారు? హోంవర్క్ అయిందా అని అడిగి లైటు ఆర్పేస్తున్నారా? లేక దయ్యాలూ భూతాలూ నిజంగానే ఉన్నాయని నమ్మేస్తారేమోనని వెనకాడుతున్నారా? ఆ సందేహం ఉన్నవాళ్ళకి ఈ నెల ఒకాయన్ని పరిచయం చేస్తున్నాం. దూరపు మనిషేం కాదు. మన చేబ్రోలుకి పక్కనే ఉన్న తెనాలి ఆయనది. పేరు కొడవటిగంటి కుటుంబరావు.

ఆయన 1909 అక్టోబరు 28న పుట్టారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని మేనమామ నీడన పెరిగారు. చదివింది మీరనుకునేట్టు తెలుగు సాహిత్యం కాదు, ఫిజిక్సు. విజయనగరంలో డిగ్రీ పూర్తిచేసి, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీలో చేరారు. ఆర్థిక మాంద్యం రోజులు కావడంతో ఆ చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఆ తర్వాత ఊరూరా తిరిగి రకరకాల ఉద్యోగాలు చేస్తూ, కథలూ నవలలూ వ్యాసాలూ రాస్తూ వచ్చారు. మార్క్సిస్టు భావాల మనిషి. మూఢనమ్మకాల మీద నిర్మొహమాటంగా రాసేవారు. ఆయన రాసిన ‘చదువు’ నవల ఈనాటి తల్లిదండ్రులు కూడా ఒకసారి చదవవలసిందే.

అలాంటి మనిషి 1952లో మద్రాసులో ‘చందమామ’లో చేరారు. ఆ పత్రికను 1947 జూలైలో నాగిరెడ్డి గారితో కలిసి మొదలుపెట్టిన చక్రపాణి గారిదీ తెనాలే. అప్పటినుంచి 28 ఏళ్ళు కుటుంబరావు గారి పని మాంత్రికులతోనూ బేతాళుడితోనూ. సైన్సు చదివినాయనకు ఈ పనెందుకు అనిపిస్తుంది కదూ?

జవాబు ఆ కథల్లోనే ఉంది. మన పిల్లలు ఫెయిరీ టేల్స్ అంటున్నవాటిని మన అమ్మమ్మలు పేదరాశి పెద్దమ్మ కథలన్నారు. పేరులో ఫెయిరీ ఉన్నా దేవకన్య ఉండి తీరాలని లేదు. ఉండవలసినవి వేరే ఉన్నాయి. కథ ఎక్కడ జరిగిందో ఎప్పుడు జరిగిందో చెప్పరు. అనగనగా ఒక రాజ్యం, అంతే. మనుషులకు పేర్లకన్నా పనులే ముఖ్యం: రాజు, కట్టెలు కొట్టేవాడు, సవతి తల్లి, ఆఖరి కొడుకు. చీమ మాట్లాడితే ఎవరూ ఉలిక్కిపడరు. బాలనాగమ్మ కథ గుర్తుందా? మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. అదెలా కుదురుతుందని ఏ పిల్లా అడగదు. కానీ ఆ చిలక దొరికాక కూడా ఫకీరు చావకపోతే మాత్రం ఒప్పుకోదు! మాయకీ లెక్కుంది. ఆ లెక్క తప్పితే పిల్లలకు కోపం వస్తుంది. రష్యాలో వ్లదీమిర్ ప్రాప్ అనే పండితుడు 1928లో ఇలాంటి కథల్ని విడదీసి చూసి, వాటిలో జరిగే పనులు 31 రకాలేనని తేల్చాడు. ఇల్లు వదలడం, పరీక్ష, సాయం దొరకడం, దుష్టుడు ఓడడం, పెళ్ళి వగైరా. అన్నీ అన్ని కథల్లోనూ ఉండకపోవచ్చు గానీ, వచ్చే వరస మాత్రం అదే. నాగిరెడ్డి, చక్రపాణి గార్ల 1951 నాటి ‘పాతాళభైరవి’ తీసుకోండి. అందులో తోటరాముడు నడిచిన దారీ దాదాపు ఇదే.

కుటుంబరావు గారికి పట్టింది ఈ లెక్కే అని మాకనిపిస్తుంది. మంత్రదండం ఊరికే పని చేయకూడదు. దానికి ముందు వీరుడు ముసలమ్మకు మూట మోసిపెట్టాలి, లేదా తెలివిగా ఒక చిక్కు విప్పాలి. దేశదేశాల కథలకు ఆ కాలపు చందమామ తెలుగు బట్టలు తొడిగింది. గ్రీకుల హెలెన్ భువనసుందరి అయింది, ఒడిస్సియస్ రూపధరుడయ్యాడు. భాష కూడా ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లలకు చెప్పినంత తేలికగా ఉండేది.

ఇక బేతాళుడి సంగతి. పాత బేతాళ కథలు పాతికే. చందమామ ఆ చట్రంలో కొత్త కథలు పెడుతూ దశాబ్దాలు నడిపించింది. శంకర్ గారు గీసిన బొమ్మ మీలో చాలామంది కళ్ళకు కట్టే ఉంటుంది: భుజాన శవం, చేత కత్తి, చీకటి. కథ పూర్తికాగానే బేతాళుడు ప్రశ్న వేస్తాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం చెడి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. ఇక్కడ చూడండి, శవం మాట్లాడుతోందని పిల్లలు భయపడరు. ఆ ప్రశ్నకి జవాబేమిటా అని ఆలోచిస్తారు. త్యాగం ఎవరిది గొప్ప? తప్పు రాజుదా, మంత్రిదా? విక్రమార్కుడి జవాబు చదవకముందే తమ జవాబు చెప్పుకుని, సరిపోల్చుకుని, ఒక్కోసారి రాజుతోనే పేచీ పడతారు. పిల్లలు ఇంత ఆలోచించే చోట మూఢనమ్మకానికి జాగా ఏది?

ఆయన ఇంటి సంగతి కూడా చెప్పాలి. ఆయన కొడుకు రోహిణీప్రసాద్ గారు అణుశాస్త్రవేత్త అయ్యారు. తెలుగులో సైన్సు రచనలూ చేశారు.

కుటుంబరావు గారు 1980 ఆగస్టు 17న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికీ చందమామ పనిలోనే ఉన్నారు. మీ ఇంట్లో అటక మీద ఆనాటి సంచికలుంటే దింపి చూడండి. సంపాదకుడి పేరు దగ్గర చక్రపాణి గారి పేరు కనిపిస్తుంది. ఇన్నేళ్ళు ఆ కథల్ని దిద్దిన కుటుంబరావు గారి పేరు అక్కడ ఉండదు.