డాక్టర్ కె.ఎల్.రావు

ఆనకట్టను కట్టిన తరువాత అది నిలుస్తుందో లేదో పరీక్షించి చూడటానికి వీలులేదు. అది తెగితే దిగువ ఊళ్లు మిగలవు. కావున దాని బలాన్ని ముందే లెక్కకట్టాలి. ఆ విద్యలో ఆరితేరిన తెలుగువారు డాక్టర్ కానూరి లక్ష్మణరావు.

ఆయన 1902 జూలై 15న కృష్ణాజిల్లా కంకిపాడులో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. బడిలో ఆడుకొంటుండగా తగిలిన దెబ్బకు ఒక కంటిచూపు పోయింది. సన్నని గీతల నక్షలతో నిత్యం తలపడవలసిన వృత్తికి ఇది చిన్న లోటు కాదు. అయినా 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందారు. అనంతరం కేంద్ర జలవిద్యుత్ సంఘంలో ఆనకట్టల రూపకల్పన చేపట్టారు.

1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ సాధనలో ఆయన కృషి గొప్పది. అది సుమారు 124 మీటర్ల ఎత్తైన రాతికట్టడం. నీటి తోపుడు, రాతి బరువు, పునాదిలోకి ఊరి కట్టడాన్ని పైకెత్తజూచే నీటి ఒత్తిడి, వీటన్నింటినీ ఆనాటి ఇంజనీర్లు చేతిలెక్కలతోనే తూచేవారు. నేడు సాఫ్ట్‌వేర్ ఆ కట్టడాన్ని వేల చిన్న మూలకాలుగా విడదీసి, వాటి కూడళ్ల వద్ద సమీకరణాలను సాధించి, ఎక్కడ ఎంత ఒత్తిడి కలుగుతుందో చూపుతుంది. పరిమిత మూలక పద్ధతి అనే ఈ విధానానికి ఆ పేరు వచ్చింది 1960లో. అప్పటికే సాగర్ నిర్మాణం సాగుతోంది. అయితే ఏయే బలాలను లెక్కలోకి తీసుకోవాలో నిర్ణయించవలసినవాడు నేటికీ ఇంజనీరే. అతడు మరచిన బలాన్ని సాఫ్ట్‌వేర్ తనంతట తాను లెక్కించదు.

1962లో రావుగారు విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికై, తరువాత కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖల మంత్రిగా పనిచేశారు. 1963లో పద్మభూషణ్ అందుకొన్నారు. 1986 మే 18న కన్నుమూశారు. కృష్ణపై పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టారు.