సంగీతకర్త పాల్ డ్యూకాస్

పెక్కు కృతులు రచించియు మరపునబడిన వారు కలరు. కొలది కృతులే రచించి, వానిలో నొక్కదానితో లోకప్రసిద్ధులైన వారును కలరు. ఫ్రాన్సుదేశపు సంగీతకర్త పాల్ డ్యూకాస్ ఈ రెండవ తెగకు చెందినవాడు.

డ్యూకాస్ 1865వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి బ్యాంకు వ్యాపారి. తల్లి పియానో వాద్యమున నేర్పరి. బాలుని అయిదవ యేటనే ఆమె గతించెను. పదునాలుగవ యేట జబ్బుపడి కోలుకొనుచున్న దినములలో అతడు స్వరరచనకు పూనుకొనెను. పదునారవ యేట పారిస్ సంగీత కళాశాలలో చేరెను. పిమ్మట గొప్ప సంగీతకర్తయైన డెబుస్సీ అచ్చట అతనికి సహాధ్యాయి, మిత్రుడు. ఆనాడు ఫ్రాన్సున మిక్కిలి గౌరవింపబడుచుండిన రోమ్ బహుమానపు పోటీలో 1888లో డ్యూకాసునకు ద్వితీయ బహుమతి మాత్రమే లభించెను. ఆ ఆశాభంగముతో కళాశాలను విడిచి, కొంతకాలము సైన్యమున పనిచేసి, పత్రికలకు సంగీత విమర్శలు వ్రాయుచు జీవించెను. ఇతరుల కృతులను పరీక్షించుటకంటె కఠినముగా తన కృతులను పరీక్షించుట అతని స్వభావము.

1897 మే 18వ తేదీన తన ‘మాంత్రికుని శిష్యుడు’ అను కృతిని అతడే వాద్యబృందమును నడిపి పారిస్ రసికులకు వినిపించెను. జర్మను మహాకవి గేటే నూరేండ్లకు ముందు, 1797లో, రచించిన కథాగేయము దీనికి మూలము. ఆ గేయమునకు మూలము రెండవ శతాబ్దమునందు లూసియన్ అను రచయిత గ్రీకు భాషలో చెప్పిన కథ. అందు నీరు మోసినది రోకలి. గేటే దానిని చీపురుగా మార్చెను. గురువు ఇంట లేని వేళ శిష్యుడు మంత్రము చదివి చీపురుచేత నీళ్ళు మోయించును. తొట్టి నిండినను చీపురు ఆగదు. ఆపు మంత్రము శిష్యునకు జ్ఞప్తికి రాదు. గొడ్డలితో నరుకగా రెండు తునకలును లేచి నీరు తెచ్చును. ఇల్లు మునుగుచుండగా గురువు వచ్చి రక్షించును. అశ్వత్థామ బ్రహ్మశిరోనామకాస్త్రమును ప్రయోగించి, ఉపసంహరింపనేరక పోయిన వృత్తాంతమును భారతమున చదివినవారికి ఈ నీతి క్రొత్తది కాదు.

డ్యూకాస్ కృతియందు మాట యొక్కటియు లేదు. కథనంతయు వాద్యములే చెప్పును. మొదట తంత్రీవాద్యములు మాంత్రికుని గృహము వలె నిశ్శబ్దముగా, మెల్లగా పలుకును. తరువాత బసూన్ అను మంద్రస్వరపు కొయ్యవాద్యము చీపురు నడకను వినిపించును. గొడ్డలి వ్రేటు పిదప క్షణకాలము మౌనము. అటుపై మరింత లోతైన గొంతుగల కాంట్రాబసూన్ మెల్లగా కదలును. దాని వెంట మరియొక వాద్యము అదే వరుసను అందుకొనును. రెండు తునకలును లేచినవని వినువారికి తెలియును. ఏ భాషవారికైనను ఈ కథ బోధపడుటకు కారణమిదియే.

1907లో ఒక సంగీతరూపకమును, 1912లో ‘లా పెరీ’ అను నృత్యకృతిని అతడు వెలువరించెను. అటుపిమ్మట మరణమువరకు పెద్ద కృతి యేదియు ప్రకటింపలేదు. వ్రాయుట మానలేదు, వ్రాసినది తృప్తి నీయకున్న నాశనము చేయుచుండెను. రెండవ సింఫనీ, వయొలిన్ సొనాటా మొదలగునవి అట్లే నశించెను. 1928 నుండి తాను చదివిన కళాశాలలోనే స్వరరచన బోధించెను. మెస్సియాన్, డ్యూరుఫ్లే, స్పెయినుదేశపు రోద్రిగో అతని శిష్యులు. 1935 మే 17వ తేదీన డ్యూకాస్ పారిస్ లో కన్నుమూసెను.

అతని కీర్తి ఇంటింటికి వ్యాపించుట అతడు చూడలేదు. అమెరికాలో వాల్ట్ డిస్నీ ఈ కృతిని చిన్న బొమ్మల చిత్రముగా తీయ నెంచి, మిక్కీ మౌస్ అను ఎలుకకు శిష్యుని వేషము వేయించెను. సంగీతమును లియోపోల్డ్ స్టకోవ్‌స్కీ నడిపెను. చలనచిత్రములకు తగినట్లు సంగీతము కూర్చుట లోకాచారము. ఇచ్చట సంగీతమునకు తగినట్లు బొమ్మలను గీసిరి. వ్యయము 1,25,000 డాలర్లు దాటగా, చిన్న చిత్రమువలన అంత ధనము తిరిగి రాదని, ఇతర సంగీతకర్తల కృతులను గూడ చేర్చి ‘ఫాంటాసియా’ అను పెద్ద చిత్రముగా మార్చిరి. అది 1940 నవంబరు 13వ తేదీన న్యూయార్కున ప్రదర్శింపబడెను. ఒక్క కృతి కొక పెద్ద చిత్రమే పుట్టినదన్నమాట.

విద్యార్థులారా! డ్యూకాస్ నాశనము చేసినవానిలో మంచివి ఎన్ని పోయెనో ఎవరు చెప్పగలరు? వ్రాసినదానిని చించివేయుట మనకు మార్గము కాదు, దిద్దుకొనుటయే మార్గము. కాని అరకొర పనిని లోకము ముందు పెట్టరాదను అతని నియమము మనకు శిరోధార్యము. శిష్యునకు ఆరంభము మాత్రమే తెలిసెను. డ్యూకాసునకు ఎచ్చట ఆగవలెనో గూడ తెలియును. పాఠమైనను, పనియైనను, కడవరకు నేర్చినప్పుడే మనకు వశమగును.